మాణిక్యమ్మ ఎందుకు మారింది?

విజయవాడ, సూర్యారావుపేట
జూలై మొదటివారం

వదినా,

పద్నాలుగో భాగం పంపుతున్నాను. మధ్యాహ్నం బస్సు పార్సిల్‌లో వేశాను, సాయంత్రానికి ఉయ్యూరు బస్టాండులో ఉంటుంది. ఎప్పటిలాగే టైపు చేసి కరిముల్లా గారికి మెయిల్ చెయ్యి. ఆయన పత్రికకి సంపాదకుడే గానీ నా చేతిరాత చదవనని ఒట్టేసుకున్న మనిషి. నా రాత అర్థమయ్యే ప్రాణి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. అందుకే నీ డీటీపీ షాపులో పెళ్లి కార్డుల మధ్య నా సీరియల్ కూడా నలుగుతోంది.

ఇప్పుడొక నేరం సంగతి అడగాలి. పన్నెండో భాగంలో మాణిక్యమ్మ, కోడలు కోటేశ్వరి ముందున్న కంచాన్ని కాలితో పక్కకి జరిపి "తిన్నది చాల్లే, లే" అంటుంది. పత్రికలో ఆ వాక్యం లేదు. నేను రాసిన కాగితంలో ఉంది. మధ్యలో ఎవరు మింగారు?

ఫోన్ చేసి అడిగేదాన్నే. నువ్వు ఫోనెత్తగానే అమ్మ పక్కనొచ్చి కూర్చుని "ఎవరూ, ఎవరూ" అంటుంది. నా పేరు వింటే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. మాణిక్యమ్మ అంటే తనేనని అమ్మ మూడో భాగానికే కనిపెట్టేసింది. "నన్ను బజార్లో పెట్టి అమ్ముకుంటున్నావు, ఇక నా గడప తొక్కకు" అంది. కాదని బుకాయించాను గానీ, కాదని ఎవరు నమ్ముతారు? మాట అమ్మది, నడక అమ్మది, చీర కుచ్చెళ్ళు ఎగదోసుకునే తీరు కూడా అమ్మదే. అంత కోపం ఉన్న మనిషి ప్రతి గురువారం నీచేత చదివించుకుని వినడం ఎందుకో నాకర్థం కాదు.

మాణిక్యమ్మని చంపెయ్యమని పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారట. చంపను. మార్చను కూడా. పాత్ర అన్నాక దానికొక స్వభావం ఉంటుంది, రచయితకి జాలేసినప్పుడల్లా అది వంగకూడదు. చివరి భాగం దాకా మాణిక్యమ్మ మాణిక్యమ్మే.

అమ్మ ఎలా ఉంది? మోకాళ్ళ మాత్రలు వేసుకుంటోందా? నా మీద కోపం కాస్తయినా తగ్గిందేమో రాయి.

నీ
సింధూరి


ఉయ్యూరు
జూలై రెండోవారం

సింధూ,

మింగింది నేనే. మళ్ళీ రాసినా మళ్ళీ మింగుతాను. నువ్వు రాసేసి హాయిగా పడుకుంటావు. గురువారం పత్రిక రాగానే అత్తయ్య ఎదురుగా కూర్చుని అక్షరం వదలకుండా పైకి చదవాల్సింది నేను. ఆ కంచం సంగతి ఎవరింట్లో జరిగిందో నీకు తెలియదా? నా పెళ్ళయిన కొత్తల్లో నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. అది చదివి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం నాకు లేదు.

మామూలుగా చదవడం అయిపోగానే ఆవిడ ఒక్కటే మాట అంటారు, "నీ ఆడపడుచుకి తిన్నది అరగడం లేదు" అని. అక్కడితో సభ ముగుస్తుంది.

అసలు నేను రాయాలనుకున్నది ఇది కాదు. నిన్న ఒక విశేషం జరిగింది.

షాపులో గృహప్రవేశం కార్డు కొడుతున్నాను. లోపల్నుంచి "ఝాన్సీ, ఇట్రామ్మా" అని వినిపించింది. ఇరవై ఏళ్ళుగా నన్ను "ఇదిగో" అనే పిలిచిన మనిషి. ఏం తప్పు చేశానా అని లెక్కలు వేసుకుంటూ వెళ్ళాను. కింద కూర్చోమన్నారు, కూర్చున్నాను. నా జుట్టు విప్పి నూనె రాయడం మొదలుపెట్టారు. "జడ ఎంత పలచబడిందే తల్లీ, తిండి తింటున్నావా లేదా?" అన్నారు.

మా అమ్మ పోయాక నా తల మీద ఇంకో చెయ్యి పడడం అదే మొదలు. తిరిగి షాపులోకి వచ్చి ముహూర్తం తప్పు కొట్టేశాను. వాళ్ళు గొడవ చేశారు, నవ్వుతూ ఊరికే మళ్ళీ ప్రింటు తీసిచ్చాను.

ఇదంతా నీ సీరియల్ మహిమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. వారం వారం తనని తాను వింటున్నారు కదా, ఎక్కడో తగిలి ఉంటుంది.

ఝాన్సీ


విజయవాడ
జూలై చివరివారం

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. కాలేజీలో పాఠం మధ్యలో ఆగిపోయి నవ్వుతుంటే పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మా అమ్మ! నీకు తలకి నూనె! చదివినవాళ్ళు బాగుందండీ అని పక్కన పడేసే కథలే ఇన్నాళ్ళూ రాశాననుకున్నాను. నా రాత ఒక మనిషిని మార్చింది, అదీ మా అమ్మని. ఇంతకంటే పెద్ద బహుమతి నాకెవరిస్తారు చెప్పు.

మార్చనని నీకు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మ రావమ్మ గారే మారాక మాణిక్యమ్మ ఎంత? ఈ భాగంలో నూనె రాసే ఘట్టం పెట్టేశాను. కోటేశ్వరి కింద కూర్చుంటుంది, మాణిక్యమ్మ జడ విప్పుతుంది. రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

ఇంకా ఏమేం జరుగుతున్నాయో అన్నీ రాయి, చిన్నవి కూడా. ఈ ఆదివారం నేను వచ్చేయనా? ఇప్పుడు గడప తొక్కనిస్తుందేమో!

సింధూరి


ఉయ్యూరు
ఆగస్టు

సింధూ,

ఇప్పుడే రాకమ్మా. నా మీద ఆవిడ మనసు ఇప్పుడిప్పుడే మెత్తబడింది. నిన్ను చూడగానే పాతదంతా గుర్తొచ్చి మళ్ళీ మొదటికొస్తే? కొన్నాళ్ళు ఆగు.

నిజం రాసేస్తున్నాను, తిట్టుకుంటే తిట్టుకో. నువ్వొస్తే ఆ చెయ్యి నీ తల మీదకి పోతుందేమోనని నాకు బెంగగా ఉంది. నీకు అది పుట్టినప్పటి నుంచీ ఉంది. నాకు ఇప్పుడే దొరికింది.

విశేషాలు అడిగావు. పనికొచ్చే దానమ్మకి తన కంచిపట్టు చీర తీసి ఇచ్చేశారు. అది భయపడి నా దగ్గరికి తెచ్చింది. కప్పులు సరిగ్గా తోమలేదని దాన్ని ఏడిపించిన మనిషేనా అని ఇద్దరం గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయాం. నేను పొద్దున ఆలస్యంగా లేచినా ఏమీ అనరు. కూరలో ఉప్పు మరిచిపోయినా "బాగుంది తల్లీ" అని తినేస్తారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంటారు, అంతే, ఏమీ మాట్లాడరు. మీ అన్నయ్య పొలం నుంచి వచ్చి మా ఇద్దర్నీ అలా చూసి, చెప్పులు విప్పడం మరిచిపోయి నిలబడ్డారు. "ఇల్లు ఇన్నాళ్ళకి చల్లబడింది" అన్నారు.

నువ్వు పంపిన భాగం ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను. టైపు చేసిందే పైకి చదువుతుంటే ఆవిడ వింటూ నిద్రపోయారు.

ఝాన్సీ


విజయవాడ
ఆగస్టు చివర

వదినా,

కరిముల్లా గారు నూనె ఘట్టాన్ని తిప్పి పంపారు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఫోన్ చేసి, "అమ్మా, మీరు బాగానే రాశారు గానీ, ఇన్ని వారాలు మేం చూసిన మాణిక్యమ్మ ఎక్కడికి పోయిందండీ? ఈవిడెవరో కొత్తావిడ" అన్నారు. "మనుషులు మారరా?" అని అడిగాను. "మారతారు. కారణం ఉంటుంది. ఆవిడ ఎందుకు మారిందో ఒక్క ముక్క మీ కథలో లేదు. అది రాసి పంపండి, అచ్చువేస్తాను" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఇంట్లో నిజంగా జరిగిందండీ అని అరవబోయి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేం కనపడలేదు. నా సీరియల్ విని మారింది అని సీరియల్‌లోనే రాసుకోలేను కదా.

అందుకని నాకు నీ సాయం కావాలి. మారిన మనిషికి పాతది గుర్తుంటుంది వదినా. అది గుర్తుండి సిగ్గుపడుతుంది, లేదా దాన్ని దాటవేయడానికి తంటాలు పడుతుంది. లోపల ఒక పెనుగులాట జరుగుతుంది. అమ్మ నీతో ఎప్పుడైనా కంచం సంగతి ఎత్తిందా? పోనీ మాటల్లో కాకపోయినా, క్షమించమన్నట్టు ఒక చూపు? నూనె రాసిన ముందురోజు ఎలా ఉంది? అసలు ఇప్పుడు దేనికైనా కోపం వస్తోందా? అమ్మకి ఏడుపొచ్చిందా ఎప్పుడైనా? నీకు గుర్తున్నదల్లా రాయి, నేను ఏరుకుంటాను.

సింధూరి


ఉయ్యూరు
సెప్టెంబరు మొదట్లో

సింధూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగైదు రోజులైంది. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నువ్వడిగావని నేనే కదిపాను. "అత్తయ్యా, నా పెళ్ళయిన కొత్తలో ఒకసారి నా కంచం జరిపేశారు, గుర్తుందా?" అని. ఆవిడ నా వైపు చూసి "అలాగా?" అని నవ్వారు. ఎవరో పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టు.

కోపం లేదు. ఏడుపూ లేదు. మన వెంకటకృష్ణారావు బాబాయి గారు పోయారని మీ అన్నయ్య ఫోన్‌లో చెప్పారు కదా. ఆయనంటే ఆవిడకి సొంత తమ్ముడి కంటే ఎక్కువ. పలకరింపుకి తీసుకెళ్ళాను. పిన్ని గారు ఏడుస్తుంటే అత్తయ్య గోడ మీది క్యాలెండర్ చూసి పకపకా నవ్వారు. "టిఫినేం చేశారు?" అని అడిగారు. అందరూ నన్ను చూశారు. పెద్దతనం అని సర్దిచెప్పి తీసుకొచ్చేశాను.

ఇంకొన్ని ఉన్నాయి. ఇవి సీరియల్‌లో రాయకు, నీకు దణ్ణం పెడతాను. నడిచేటప్పుడు పాదాలు నేలకి అంటుకున్నట్టు లాగుతున్నారు. మోకాళ్ళ నొప్పులే అనుకున్నాను. పక్క తడుపుతున్నారు. మీ అన్నయ్య లేవకముందే దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నాను. తెలిస్తే ఆవిడ పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. కానీ సింధూ, ఆవిడకి సిగ్గే వేయడం లేదు. ఒకప్పుడు పైట కాస్త జారితే ఉలిక్కిపడి సర్దుకునే మనిషి. ఇప్పుడు తడి పక్క మీదే కూర్చుని నన్ను చూసి "వచ్చావా తల్లీ" అంటారు.

నూనె రాసిన ముందురోజు అడిగావు. ముందురోజు పొద్దుటి నుంచీ మంచం మీద గోడ చూస్తూ కూర్చున్నారు. నాకు తిట్లు తప్పాయని సంతోషించాను.

ఝాన్సీ


విజయవాడ
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి మళ్ళీ మొదటి నుంచీ చదివాను.

నేను కథకి కారణం వెతుకుతూ నిన్ను ప్రశ్నలు వేశాను. ఇది కథ కాదు. నవ్వు, నడక, పక్క తడపడం, ఇవన్నీ ఒకటొకటిగా చూస్తే పెద్దతనమే. ఒకే ఉత్తరంలో వరసగా చూసేసరికి నాకు భయం వేసింది. కారణం లేకుండా పాత్ర మారితే కరిముల్లా గారు కాగితం తిప్పి పంపుతారు. కారణం లేకుండా మనిషి మారితే డాక్టరుకి చూపించాలి. ఈ మాత్రం నాకు తట్టలేదు. నా రాత గొప్పదనం చూసుకుని మురిసిపోతూ కూర్చున్నాను.

మా కాలేజీలో ఒకావిడ వాళ్ళ నాన్నకి చూపించిన డాక్టరు ఉన్నారు, హుమాయూన్ గారని, మెదడు, నరాల వైద్యుడు. సోమవారానికి అడిగి పెట్టాను. అన్నయ్యకి నువ్వు చెప్పు. దుప్పట్ల సంగతి కూడా చెప్పు, దాచకు. నేను ఫోన్‌లో చెబితే "నీకు అన్నీ నవలలే" అని కొట్టిపారేస్తాడు.

కాలు ఒకచోట నిలవడం లేదు నాకు. వెంటనే తీసుకురండి.

సింధూరి


ఉయ్యూరు
సెప్టెంబరు

సింధూరికి,

నాకు జీవితంలో ఒక్కసారి మంచి జరిగితే అది రోగం అయిపోయిందా?

తిట్టినన్నాళ్ళూ ఆవిడని డాక్టరుకి చూపించాలని మీ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కోడలి కంచం తన్నిన మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టు. కోడలి చెయ్యి పట్టుకుంటే జబ్బు చేసినట్టు. నీ ఎడిటరు నమ్మకపోతే నా అత్తగారి ప్రేమ అబద్ధమైపోతుందా? ఆయనెప్పుడైనా మా ఇంట్లో వంట చేశాడా?

నీకు ఆవిడ అమ్మ. నీకు జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, నీకు గుర్తుండడానికి చాలా ఉన్నాయి. నాకు ఈ రెండున్నర నెలలే ఉన్నాయి. నువ్వు కథలో పెట్టుకోవడానికి నేను అన్నీ విప్పి చెప్పాను. నువ్వు దాన్నే పట్టుకుని ఉన్నది కాస్తా లాక్కుంటానంటున్నావు.

సోమవారం రాము. మీ అన్నయ్యకి చెప్పను.

ఝాన్సీ

ఈ ఉత్తరం కవర్లో పెట్టి షాపు బల్ల మీద ఉంచాను. ఇంతలో పెరట్లో చప్పుడైంది. అత్తయ్య పంపు దగ్గర పడిపోయి ఉన్నారు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. నేను అరుస్తూ పరిగెత్తితే, ఆవిడ నా వైపు చూసి నవ్వుతున్నారు. నొప్పి అనలేదు. నేను లేపలేక పక్కనే కూలబడి దానమ్మని కేకేశాను.

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను, దుప్పట్లతో సహా. సోమవారం దాకా ఆగం. రేపు పొద్దున్నే కారులో బయలుదేరుతున్నాం, ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాను. చింపుదామనుకున్నాను గానీ పైన రాసింది కూడా నేనే కదా, నీకు తెలియాలి.


విజయవాడ
అక్టోబరు మొదట్లో

వదినా,

నువ్వు ఇల్లూ షాపూ చూసుకోవడానికి వెళ్ళిపోయాక రిపోర్టు వచ్చింది. అన్నయ్య ఫోన్‌లో నీకు సగమే చెప్పాడని నాకు తెలుసు. నీ గొంతు వింటే నేనూ చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

అమ్మ నుదుటి ఎముక వెనక గడ్డ ఉంది. నిమ్మకాయంత. క్యాన్సర్ కాదట. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి ఇప్పుడు మెదడుని నొక్కుతోంది. కోపం, సిగ్గు, జాగ్రత్త, ఇవన్నీ అక్కడే ఉంటాయట. వదిలేస్తే ఏడాది తిరక్కుండా ఫిట్స్ వస్తాయి, చూపు పోవచ్చు, తర్వాత మంచం. తీసేయొచ్చు. ఈ వయసులో ప్రమాదం లేదని ఎవరూ అనరు, కానీ చేయొచ్చు అన్నారు హుమాయూన్ గారు. నేను అడిగాను, "తీసేస్తే ఏమవుతుందండీ?" అని. "చాలావరకు మీ పాత అమ్మగారు మీకు తిరిగి వస్తారు" అన్నారు. ఆయన శుభవార్తలాగే చెప్పారు. అన్నయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం.

అన్నయ్య బయటికొచ్చి, "డెబ్బై దాటిన మనిషికి తలకాయ కోయించాలా? నవ్వుతూ ఉంది. ఇంట్లో ఇద్దరూ నవ్వుతున్నారు. రేపు లేచి మళ్ళీ తిడితే పడేది నేనా, నువ్వా? ఝాన్సీ. తను ఎలాగంటే అలాగే" అన్నాడు. అన్నయ్య ఇన్నేళ్ళలో నీ గురించి ఆలోచించి మాట్లాడడం నేను వినడం ఇదే మొదలు. అందుకే వాడితో పోట్లాడలేకపోయాను.

ఇంకొకటి. రాయాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ నన్నూ "తల్లీ" అంటోంది. స్కానింగ్ తీసే అమ్మాయినీ అలాగే అంది, చెయ్యి పట్టుకుని నిమిరింది. లిఫ్ట్ దగ్గర ఎవరో రోగి చుట్టాన్ని కూడా.

నాకు మా అమ్మ బతకాలని ఉంది. నిన్ను అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

సింధూరి


ఉయ్యూరు
అక్టోబరు

సింధూ,

ఆ సంగతి నాకు ముందే తెలుసు. పాలబ్బాయిని "నాయనా" అని గడ్డం పట్టుకున్నారు. సర్వేకి వచ్చినామె తల నిమిరారు. తెలిసే ఊరుకున్నాను. అందరికీ పంచినదాంట్లో నాకూ కొంచెం వస్తోంది కదా అనుకున్నాను. ఇన్నేళ్ళు అదీ లేని మనిషిని.

నీ ఉత్తరం వచ్చాక వంట చేయబుద్ధి కాలేదు. ఆవిడ మంచం మీద కూర్చున్నాను. ఖాళీగా ఉంది ఇల్లు. తిట్టే అత్తయ్యని తలుచుకున్నాను, నవ్వే అత్తయ్యని తలుచుకున్నాను. ఒక సంగతి తట్టింది. తిట్టే అత్తయ్యకి నేనెవరో తెలుసు. నా నడక తెలుసు, నా దొంగ ఏడుపు తెలుసు, నేను షాపు డబ్బుల్లోంచి మా తమ్ముడికి పంపితే అదీ తెలుసు. నవ్వే అత్తయ్యకి నేను తెలియదు. ఆ చెయ్యి నాది కాకపోయినా అలాగే పట్టుకునేవారు.

నేను వద్దంటే మీరెవరూ నన్ను ఒక్క మాట అనరు. అది కూడా తెలుసు. ఆవిడ కళ్ళు పోయి, మంచాన పడి, నన్ను చూసి నవ్వుతుంటే, ఆ నవ్వు చూస్తూ నేను అన్నం తినగలనా? భయంగా ఉంది సింధూ. ఆపరేషన్ బల్ల మీద ఏమైనా అయితే అనీ భయం, బాగా అయితే అనీ భయం. రెండోదే ఎక్కువని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చేయించండి. సంతకం నేనే పెడతాను. రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. దసరా రద్దీకి రోడ్లు మళ్ళిస్తారేమో, బస్టాండు నుంచి నడిచైనా వస్తాను.

ఝాన్సీ


విజయవాడ
నవంబరు చివర

వదినా,

అమ్మ ఉయ్యూరు వెళ్ళి వారం దాటింది. నిన్న ధైర్యం చేసి ఫోన్ చేశాను. "ఎవరూ?" అంది. "నేనేనమ్మా" అన్నాను. "నువ్వా! నా మీద ఇంకా ఏమైనా మిగిలిందా రాయడానికి? గడప తొక్కొద్దన్నానా లేదా?" అని పెట్టేసింది. ఫోన్ చేతిలో పట్టుకుని భోరున ఏడ్చాను. సంతోషమే. నన్ను గుర్తుపెట్టుకుని మరీ తిట్టింది.

ఆ వెంటనే నువ్వు గుర్తొచ్చావు. నా సంతోషం అక్కడే ఆగిపోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నీరసంగా పడుకుంది, మాట్లాడలేదు. ఇప్పుడు గొంతు వచ్చేసింది. రోజంతా ఆ గొంతు వినేది నువ్వు. ఎలా ఉన్నావు? ఏమన్నా అందా? అన్నయ్యని అడిగితే "బానే ఉన్నారు" అంటాడు, వాడికి వరద వచ్చినా బానే ఉంటుంది. నువ్వు రాయకపోతే నాకు అన్నం సయించదు.

మధ్యలో ఆగిపోయిన సీరియల్ ముగించాలి. కరిముల్లా గారు అడుగుతున్నారు. మాణిక్యమ్మని ఏం చెయ్యను? నాకు చెయ్యి ఆడడం లేదు.

సింధూరి


ఉయ్యూరు
డిసెంబరు మొదటివారం

సింధూ,

ఆవిడ వచ్చేశారు. పూర్తిగా వచ్చేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు నన్ను ఆస్పత్రిలో పడేసి గుండు చేయించింది" అని చెబుతున్నారు. దానమ్మ కట్టుకున్న పట్టుచీర చూసి నేనే దొంగచాటుగా ఇచ్చానని నిర్ధారణ చేశారు. నేను మళ్ళీ "ఇదిగో"ని అయ్యాను.

మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. దాచడమెందుకు, చాలాసేపు ఏడ్చాను. ఆ మెత్తటి చెయ్యి ఇక లేదు. నేనే సంతకం పెట్టి పంపించేశాను.

మొన్న నలుగురి ముందు కేకలేశారు. "ఆ దిక్కుమాలిన షాపు మూసెయ్, వచ్చేపోయేవాళ్ళతో నాకు తలనొప్పి" అన్నారు. ఇదివరకైతే తల దించుకునేదాన్ని, వారం రోజులు తలుపు సగం మూసి పనిచేసేదాన్ని. ఈసారీ దించుకుంటాననే నేనూ ఎదురు చూశాను. దించుకోలేదు.

"మూయను అత్తయ్యా" అన్నాను.

"నోరు లేచిందే! నేను మంచాన ఉన్నప్పుడు ఎవరు నేర్పారు?" అన్నారు.

"మంచాన ఉన్నప్పుడు మీరు నన్ను తల్లీ అని పిలిచారు" అన్నాను.

"నేనా?"

"మీరే. తలకి నూనె కూడా రాశారు."

మొహం గోడవైపు తిప్పి, "జబ్బు మనిషి అన్న మాటలు పట్టుకుని ఊరేగకు" అన్నారు. "పట్టుకోనండి" అన్నాను. ఆవిడ దాన్ని దాటవేయడానికి తంటాలు పడ్డారు, నీ భాషలో చెప్పాలంటే. సిగ్గుపడ్డారో లేదో నాకు తెలియదు. ఏమీ లేకుండా "అలాగా" అని నవ్వలేదు, అది చాలు నాకు.

మాణిక్యమ్మని మార్చకు సింధూ. ఆవిడ జోలికి వెళ్ళకు. కోటేశ్వరిని మార్చు. ఎందుకు మారిందని కరిముల్లా గారు అడుగుతారు, అడగాలి కూడా. ఆయనకి ఇలా చెప్పు. పెళ్ళిలో తనకి అంటగట్టిన అత్తగారికి ఆ పిల్ల ఇన్నాళ్ళూ భయపడింది. ఈ అత్తగారు అంటగట్టినావిడ కాదు. మెత్తగా నవ్వే ఇంకో అత్తగారు ఇంట్లో ఉండగా, వద్దు, నాకు ఈవిడే కావాలని సంతకం పెట్టి మరీ తెచ్చుకుంది. తనే కోరి తెచ్చుకున్న మనిషికి ఎవరైనా భయపడతారా?

లోపల్నుంచి పిలుస్తున్నారు. ఇది మూడోసారి, గొంతు బాగా లేచింది. ఈ కవరు అంటించి వెళ్తాను.

ఝాన్సీ